నువ్వులూ బియ్యం, పాలూ నీళ్లూ

హైదరాబాద్‌లోని బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో అమ్ముడుపోని టమాటాలు, వాడిపోయిన ఆకుకూరలు, ఒలిచి పారేసిన క్యాబేజీ రెక్కలు కలిపి రోజుకు దాదాపు 10 టన్నులు పోగవుతాయి. ఒకప్పుడు అదంతా లారీలకెక్కి డంపింగ్ యార్డుకు పోయేది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో మార్కెట్ ఆవరణలోనే బయోగ్యాస్ ప్లాంటు కట్టాక, ఆ కుళ్లిన కూరగాయల నుంచే రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు తీయవచ్చని తేలింది. ఆ కరెంటుతో మార్కెట్ దీపాలు వెలిగాయి, గ్యాస్‌తో క్యాంటీన్ పొయ్యి మండింది, గ్యాస్ తీశాక మిగిలిన మడ్డి ఎరువుగా పనికొచ్చింది. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ ప్రసంగంలో ప్రస్తావించడంతో ఆ మార్కెట్ సంగతి దేశమంతా విన్నది. అలాంటి క్యాబేజీ రెక్కే అదే నగరంలో లక్షల వంటిళ్లలోనూ రోజూ రాలుతుంది. ఇంట్లో అది పాల ప్యాకెట్‌తో, పసిపిల్లల డైపర్‌తో, అయిపోయిన బ్యాటరీతో, పగిలిన గాజు ముక్కతో ఒకే కవర్లో మూటగట్టుకుని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దారి పడుతుంది. అలా చేరిన చెత్తే అక్కడ ఏళ్ల తరబడి పేరుకుని కోటి టన్నులు దాటిన గుట్ట అయింది. దాని అడుగు నుంచి కారిన నల్లటి ఊట పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. చివరికి ఆ గుట్టను మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పి మూసేయాల్సి వచ్చింది.

రెండు చోట్లా రెక్క ఒకటే. అందులోని నీరు, పీచు, చక్కెరలు ఒకటే. ఒకటి దీపమైంది, ఇంకొకటి విషమైంది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందని వెతికితే కనిపించే కారణం ఒక్కటే: ఆ రెక్క దేనితో కలిసి ప్రయాణం చేసింది? మన అలంకార శాస్త్రకారులు కలయికను రెండు రకాలుగా చూశారు. ఒకే పద్యంలో రెండు అలంకారాలున్నా దేనికది విడిగా గుర్తుపట్టగలిగితే, నువ్వులూ బియ్యం కలిసినట్టుందని తిలతండుల న్యాయం అన్నారు. విడదీయలేనంతగా కలిసిపోతే, పాలూ నీళ్లూ కలిసినట్టుందని క్షీరనీర న్యాయం అన్నారు. చెత్త గురించి ఇంతకన్నా పనికొచ్చే విభజన ఆధునిక శాస్త్రంలోనూ దొరకదు. మన ఇంట్లో పుట్టేటప్పుడు చెత్త తిలతండులంగా ఉంటుంది. వీధి చివర బండి ఎక్కి, దాని పలకల కింద నలిగేసరికి క్షీరనీరమవుతుంది. వ్యర్థాల సమస్యను మనం సాధారణంగా ఎక్కడ పారబోయాలి, ఎలా కాల్చాలి, ఎంత దూరం తరలించాలి అన్న ప్రశ్నలుగా చూస్తాం. వాటన్నిటికన్నా ముందే, చెత్త మొదటిసారి కలిసిన క్షణంలోనే, దాని తలరాత చాలావరకు తేలిపోతుందన్నది ఈ వ్యాసం వాదన.

కలిపితే ఏమవుతుంది?

చెంచాడు ఉప్పును, చెంచాడు పంచదారను ఒక గిన్నెలో కలపడానికి ఒక్క క్షణం చాలు. మళ్లీ వేరు చేయాలంటే నీళ్లు, వేడి, ద్రావకాలు, గంటల సమయం కావాలి. పదార్థాలు తమంతట తాము చెదిరి కలిసిపోయే వైపే సాగుతాయని, తిరిగి క్రమంలో పెట్టాలంటే బయటి నుంచి శక్తి ఖర్చు పెట్టక తప్పదని ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం చెబుతుంది. ఆ చెదురుబాటు కొలతకే ఎంట్రోపీ అని పేరు. గనిలోంచి తవ్విన రాతి నుంచి లోహం తీయడం ఎందుకంత ఖరీదో, చెత్తకుప్పలోంచి అల్యూమినియం ఏరడం ఎందుకంత కష్టమో ఈ నియమమే వివరిస్తుంది. ఇందులో సమాచారం కోణం కూడా ఉంది. పారేసే చేతికి తాను పారేసేది ఏమిటో తెలుసు. ఇది అరటితొక్క, ఇది మందుల అట్ట, ఇది పగిలిన బల్బు అని గుర్తించడానికి ఆ చేతికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఒకసారి అన్నీ కలిశాక ఆ తెలివిడి పోతుంది. దాన్ని తిరిగి రాబట్టడానికి తిరిగే జల్లెడలు, అయస్కాంతాలు, పరారుణ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని గుర్తించే సెన్సర్లు, వాటన్నిటి తరువాత కూడా మనుషుల వేళ్లు కావాలి. ఇంటి దగ్గర ఖర్చు లేకుండా ఉన్న జ్ఞానాన్ని పారేసి, ఊరి బయట కోట్లు పోసి అందులో కొంత కొనుక్కుంటున్నాం.

మన చెత్తకు ఇది మరీ వర్తించడానికి కారణం దాని స్వభావం. భారతీయ నగరాల ఇంటి చెత్తలో సుమారు సగం తడి చెత్తే: తొక్కలు, తొడిమలు, మిగిలిన అన్నం, కాఫీ పిప్పి, పూజ పూలు. ఈ సగం విడిగా ఉంటే జీవశాస్త్రం దాన్ని తేలిగ్గా తన దారిలో పెట్టేస్తుంది. గాలి తగిలేలా ఉంచి, కొంచెం ఎండుటాకులో కొబ్బరి పొట్టో రంపపు పొట్టో కలిపితే, గాలి పీల్చే సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. అవి ప్రతి ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం ఉంటే బాగా పెరుగుతాయి. కూరగాయ తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ, కాబట్టి రెండింటినీ జతచేయాలి. అవి తింటూ పెరుగుతూ పుట్టించే వేడికి కుప్ప లోపల ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటవచ్చు. ఆ వేడికి రోగకారక క్రిములు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. కొన్ని వారాల్లో మట్టి వాసన వేసే నల్లటి ఎరువు మిగులుతుంది. తొక్కల బరువులో ఎక్కువ భాగం నీరే కాబట్టి అది ఆవిరైపోతుంది, కర్బనంలో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బుట్టెడు తొక్కలకు దోసెడు ఎరువు మిగలడం అందుకే. కంపోస్టు అంటే కంపు అని చాలామంది భయపడతారు. కంపు వచ్చిందంటే గాలి అందడం లేదనో, తేమ మితిమీరిందనో అర్థం. పొడి ఆకులు వేసి కలియబెడితే అది తగ్గిపోతుంది.

అదే తడి చెత్త ప్లాస్టిక్ కవర్లో మూతిబిగించుకుని గుట్ట కింద పడితే కథ తిరగబడుతుంది. గాలి అందని చోట వేరే జాతి సూక్ష్మజీవులు రాజ్యమేలుతాయి. అవి ముందు సేంద్రియ ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆ పులుపు నీరు కిందికి జారుతూ దారిలో తగిలిన బ్యాటరీల నుంచి, రంగు పూసిన రేకుల నుంచి, పాత ఎలక్ట్రానిక్ ముక్కల నుంచి లోహాలను కరిగించుకుంటుంది. డంపింగ్ యార్డుల చుట్టుపక్కల బావుల్లోకి, చెరువుల్లోకి చేరే నల్లటి ఊట ఇదే. విడిగా ఉంటే అరటితొక్కకు విషం లేదు, బ్యాటరీకి తనంతట తాను ప్రవహించే శక్తి లేదు. రెండూ కలిసినప్పుడు తొక్క వాహనమవుతుంది, బ్యాటరీ సరుకవుతుంది. ఆమ్లాల తరువాతి దశలో మీథేన్ పుడుతుంది. గుట్టల నుంచి వెలువడే వాయువులో దాదాపు సగం అదే. 20 ఏళ్ల కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే, సమాన బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా మీథేన్ భూమిని 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. బోయినపల్లిలో గొట్టంలో పట్టి పొయ్యి వెలిగించిన వాయువూ ఇదే. పట్టుకోకుండా వదిలేస్తే గుట్టను కూడా అంటిస్తుంది. 2016లో ముంబయి దేవ్‌నార్‌లో, 2023 మార్చిలో కొచ్చి బ్రహ్మపురంలో రోజుల తరబడి నగరాలను పొగలో ముంచిన మంటలకు, లోపల మీథేన్ పుట్టించే తడి చెత్తా పైన మండే ప్లాస్టిక్కూ ఒకే కుప్పలో ఉండటం ఆజ్యం పోసింది.

పొడి చెత్తకు జరిగే నష్టం ఇంతకు తక్కువేమీ కాదు. కాగితం విలువ దాని పీచుల్లో ఉంది. ఆ పీచు ప్రతిసారీ కొంచెం పొట్టిదవుతూ అయిదారు సార్లు తిరిగి కాగితం కాగలదు. సాంబారు తడి తగిలిన కాగితానికి ఆ అవకాశం మొదటిసారే పోతుంది. శుభ్రమైన నీళ్ల సీసా కరిగి దారమై, దుప్పటై తిరిగి రాగలదు. కుళ్లు అంటిన సీసాను కడగడానికి అయ్యే నీరు, రసాయనాలు, కూలీ దాని ధరను మించిపోవచ్చు. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడం కన్నా పాత డబ్బా కరిగించి తీస్తే దాదాపు 95 శాతం శక్తి మిగులుతుంది, అయితే ఆ డబ్బా ఎవరి చేతికైనా చిక్కాలి. 2015 వరకు ప్రపంచం పుట్టించిన ప్లాస్టిక్ వ్యర్థాల్లో తిరిగి వాడుకలోకి వచ్చింది సుమారు 9 శాతమేనని 2017లో వెలువడిన ఒక ప్రముఖ అధ్యయనం లెక్కగట్టింది. దాదాపు 79 శాతం గుట్టల్లోనో, నేల మీదో, నీళ్లలోనో మిగిలిపోయింది. దీనికి కారణాలు చాలా ఉన్నా, వాడిన వెంటనే మురికితో కలిసిపోవడం వాటిలో ఒకటి.

కలిపాక విడదీయడం సాధ్యం కాదా అంటే, భోపాల్‌లోని భారత మృత్తికా విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధన గట్టి సాక్ష్యం ఇస్తుంది. వారు దేశంలోని 29 నగరాల్లో చెత్త నుంచి తయారైన కంపోస్టును పరీక్షించారు. కలగలిపిన చెత్తను కుళ్లబెట్టి తరువాత జల్లెడ పట్టిన కంపోస్టుల్లో భార లోహాల పాలు ఎక్కువగా, మొక్కకు పనికొచ్చే పోషకాలు తక్కువగా కనిపించాయి. ముందే వేరు చేసిన తడి చెత్తతో చేసిన కంపోస్టులో సేంద్రియ పదార్థం, నత్రజని ఎక్కువ, లోహాలు తక్కువ. ఇందులో ఆశ్చర్యం లేదు. జల్లెడ గాజు పెంకును ఆపగలదు, తొక్కలో ఇంకిపోయిన సీసాన్ని ఆపలేదు. గాజు రజను, ప్లాస్టిక్ తునకలు ఉన్న ఎరువును ఒకసారి చల్లిన రైతు రెండోసారి ఉచితంగా ఇచ్చినా తీసుకోడు. అలా నగరపు కంపోస్టుకు గిరాకీ పడిపోతుంది. గిరాకీ లేదు కాబట్టి కంపోస్టు ప్లాంటు దండగని అధికారులు తేలుస్తారు. తప్పు కంపోస్టుది కాదు, దాని ముడిసరుకుది.

కాల్చేస్తే పోదా?

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. ఈ ఏరివేత బాధలన్నీ ఎందుకు, అంతా కలిపి కాల్చి కరెంటు తీస్తే సరిపోదా? జవహర్‌నగర్‌లో 24 మెగావాట్ల ప్లాంటు ఉంది. గుంటూరు, విశాఖపట్నాల్లో 15 మెగావాట్ల చొప్పున ప్లాంట్లు వచ్చాయి. వాదన ఆకర్షణీయంగానే ఉంది కాబట్టి లెక్క వేసి చూడాలి. కిలో కూరగాయ తొక్కల్లో సుమారు 800 గ్రాములు నీరే. మామూలు వేడిలో ఉన్న కిలో నీటిని మరిగించి ఆవిరి చేయడానికి 600 కిలో క్యాలరీలకు పైగా కావాలి, అంటే ఈ 800 గ్రాములకే దాదాపు 490. మిగిలిన 200 గ్రాముల పొడి పదార్థం పూర్తిగా కాలితే వచ్చేది సుమారు 800. చేతికి దక్కేది 300 కిలో క్యాలరీలు. తిరిగి వాడుకోలేని చెత్తలో కిలోకు 1,500 కిలో క్యాలరీలు, ఆపైన ఇవ్వగలిగినదాన్ని ఇంధనంగా వాడమని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. తడి చెత్త అందులో అయిదో వంతు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని మంటలో వేయడమంటే తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయడమే. ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ సాయంతో 1987లో ప్రారంభమైన దహన ప్లాంటుకు జరిగింది ఇదే. రోజుకు 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు ఇవ్వాల్సిన ఆ ప్లాంటు మూడు వారాలు నడిచి ఆగిపోయింది. యంత్రాలకు కావలసినంత వేడి మన చెత్తలో లేదు. ఐరోపా చెత్త కోసం ఆలోచించిన పొయ్యికి మన వంటింటి తడి సరిపడలేదు.

మరి నేటి ప్లాంట్లు ఎలా నడుస్తున్నాయి? చెత్తను రోజుల తరబడి గుంతల్లో ఆరబెట్టి, ఊట పిండి, మట్టినీ తడినీ వీలైనంత తప్పించి, మండేదాన్ని పొయ్యిలోకి పంపడం వల్ల. అంటే అవి కూడా వేరు చేయడం మీదే బతుకుతున్నాయి, కాకపోతే ఆలస్యంగా, ఎక్కువ ఖర్చుతో. వాటిలో నిజంగా మండేది కాగితం, అట్ట, ప్లాస్టిక్. వాటిలో మంచి భాగాన్ని తిరిగి సరుకుగా మార్చి ఉండవచ్చు. కాల్చాక కూడా బూడిద మిగులుతుంది, పొగలోని విష వాయువులను పట్టే వడపోతలకు నిరంతర నిఘా కావాలి. ఇంతమాత్రాన దహనం ఎప్పుడూ తప్పని అనడం లేదు. ఏ విధంగానూ తిరిగి వాడలేని, పొడిగా ఉన్న మిగులును పకడ్బందీ వడపోతలతో కాల్చడం, దాన్ని చెరువు గట్టున పోయడం కన్నా మేలు. ఆ పొయ్యి ఊరి చెత్తకు చివరి మజిలీగా ఉండాలి, మొదటి మజిలీ కాకూడదు. ఎందుకంటే రోజూ వందల టన్నులు అడిగే పొయ్యిని ఒకసారి కట్టాక, చెత్త తగ్గించే ప్రతి ప్రయత్నమూ దానికి నష్టంగా కనిపిస్తుంది.

బండిలో కలిసిపోతే?

రెండో ఆక్షేపణ జనానిది, అది చాలా న్యాయమైనది. మేం రెండు డబ్బాల్లో విడిగా ఇస్తే బండివాళ్లు ఒకే తొట్టిలో పోస్తున్నారు, ఇంక మేమెందుకు శ్రమపడాలి? ఈ ప్రశ్న అడిగే గృహిణిని బాధ్యత లేనిదని అనడం అన్యాయం. 2015లో హైదరాబాద్‌లో 22 లక్షల ఇళ్లకు రెండేసి చొప్పున 44 లక్షల డబ్బాలు పంచారు. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటికి మూడేసి డబ్బాలు పంచే కార్యక్రమం మొదలైంది. తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడుగా వేరు చేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా వచ్చిన కొత్త నిబంధనలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని నాలుగుగా విభజించమన్నాయి. డబ్బాలూ చట్టాలూ ఉన్నా చెత్త ఇంకా చాలాచోట్ల కలిసే వస్తోందంటే లోపం మరోచోట ఉంది. మన ఊళ్ల పాత అలవాటులో దానికి జవాబు దొరుకుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి. పేడ, పశువుల కొట్టం ఊడ్చిన చెత్త పెంటకుప్పకు చేరి ఏడాదికోసారి బండ్లలో పొలానికి వెళ్లేవి. పొయ్యి బూడిద అంట్లు తోమడానికి, చిరిగిన చీర బొంతకు పనికొచ్చేవి. ఆ తరం మనకన్నా పర్యావరణ స్పృహ ఉన్నదని దీని అర్థం కాదు. ప్రతి వస్తువుకూ అవతల ఎదురుచూసే నోరో, పొలమో, చేయో ఉండేది, అందుకే అవి కలిసేవి కావు. అవతల తీసుకునేవాడు ఉంటేనే ఇవతల విడదీత నిలుస్తుంది. రెండో డబ్బా ఇచ్చి రెండో గమ్యం చూపకపోతే ఆ డబ్బా వృథా.

అవతలి గమ్యాన్ని ముందుగా కట్టిన చోట్ల జనం మారారు. ఇప్పుడు తెలంగాణలో ఉన్న సూర్యాపేట, 2000 తరువాతి తొలి ఏళ్లలో, లక్ష జనాభా ఉన్న పట్టణంగా వీధి కుండీలు తీసేసి, ఇంటింటికీ తడి పొడి విడిగా సేకరించి, వర్మీకంపోస్టు చేసి, పొడి సరుకును అమ్మి, దేశమంతా చూడవచ్చే నమూనాగా నిలిచింది. అప్పటికి స్వచ్ఛ భారత్ ఊసే లేదు. కేరళలోని అలప్పుళలో 2012లో సర్వోదయపురం ప్రజలు తమ ఊరికి చెత్త లారీలు రానివ్వబోమని అడ్డుకోవడంతో, నగరం తప్పనిసరై చెత్తను పుట్టిన చోటే కరిగించే దారి పట్టింది. ఇళ్లలో పైపు కంపోస్టులు, బయోగ్యాస్ తొట్లు, వార్డుల్లో గాలి ఆడే కంపోస్టు అరలు వచ్చాయి. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ నగరాన్ని ప్రపంచంలో మెచ్చదగ్గ అయిదింటిలో ఒకటిగా పేర్కొంది. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో స్వయం సహాయక బృందాల మహిళలు ఇంటింటికీ వెళ్లి తెచ్చిన చెత్తను పదుల రకాలుగా వేరుచేసి అమ్మారు, పాత డంపింగ్ యార్డు పార్కయింది.

ఇవన్నీ చిన్న ఊళ్లు కదా, మహానగరానికి కుదురుతుందా అన్నది తరువాతి సందేహం. జనాభా 20 లక్షలు దాటిన ఇందౌర్ దానికి సమాధానం. అక్కడ సేకరణ బండిలోనే అరలు వేరుగా ఉంటాయి, కలిపి ఇచ్చిన చెత్తను తీసుకోరు. ఆ పట్టుదల ఫలితంగానే 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి సుమారు 17,000 కిలోల బయో సీఎన్జీ తీయగల ప్లాంటు అక్కడ మొదలైంది, ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు తిరుగుతున్నాయి. బోయినపల్లికి కుదిరింది ఇందౌర్‌కూ కుదరడానికి కారణం యంత్రం గొప్పదనం కన్నా ముడిసరుకు శుభ్రత. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే దక్షిణ కొరియా మొత్తం ఉంది. 1995లో అక్కడ చెత్త ఎంత పారేస్తే అంత రుసుము కట్టే పద్ధతి తెచ్చారు. 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా గుట్టల్లో పారబోయడం నిషేధించారు. 2013లో ఆహార వ్యర్థాలకూ పరిమాణాన్ని బట్టి రుసుము పెట్టారు. ఇవాళ ఆ దేశం తన ఆహార వ్యర్థాల్లో 95 శాతానికి పైగా పశువుల మేతగా, ఎరువుగా, బయోగ్యాస్‌గా మలుచుకుంటోంది. కొరియా ప్రజలు పుట్టుకతోనే క్రమశిక్షణ గలవారన్న మాటలో పస లేదు. కొరియాలోనూ ఒకప్పుడు దాదాపు అంతా గుట్టలకే పోయేది. నియమం, గమ్యం, ధర మూడూ ఒకే దిక్కు చూపినప్పుడు అలవాటు వాటి వెంట నడిచింది.

సున్నా దాకా వెళ్లగలమా?

అన్నిటికన్నా లోతైన ఆక్షేపణ తత్వానికి సంబంధించినది. శూన్య వ్యర్థం, అంటే చెత్త ఏదీ మిగలకపోవడం, అసాధ్యం కదా, అసాధ్యమైన లక్ష్యం పెట్టుకోవడం మోసం కాదా? జపాన్‌లోని కామికాట్సు అనే చిన్న ఊరు ఈ ప్రశ్నను నిజాయితీగా పరీక్షించింది. ఆ ఊరు 2003లో శూన్య వ్యర్థ ప్రకటన చేసి, 2020 నాటికి ఏదీ కాల్చకుండా, పూడ్చకుండా బతకాలని నిశ్చయించుకుంది. జనం తమ చెత్తను నలభైకి పైగా రకాలుగా విడదీస్తారు. ఇంత చేసినా వారు చేరింది 80 శాతం దగ్గరికి. మిగిలిన 20 శాతం ఏమిటో చూస్తే మనకు అసలు పాఠం దొరుకుతుంది. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, తోలూ రబ్బరూ గుడ్డా జిగురుతో అతికిన బూట్ల వంటివి. ఎంత శ్రద్ధగల చేయీ వాటిని విడదీయలేదు, ఎందుకంటే అవి ఇంట్లో కలిసినవి కావు, కర్మాగారంలోనే పాలూ నీళ్లుగా పుట్టినవి. మన వీధుల్లో ఎగిరే చిప్స్ ప్యాకెట్ కూడా అంతే. రెండు మూడు రకాల ప్లాస్టిక్ పొరలకు అల్యూమినియం పూత పూసి అతికించిన ఆ సంచి చిప్స్‌ను నెలల తరబడి కరకరలాడిస్తుంది, తినడం అయ్యాక ఏ పొరనూ మరో పొర నుంచి లాభసాటిగా వేరు చేయలేం.

కాబట్టి కలిపే తప్పు ఇంటిది ఒక్కటే అనుకుంటే సగం నిజమే చెప్పినట్టు. విడదీయలేని వస్తువును అమ్మినవాడు, అది విడిపోదని తెలిసి అమ్మినవాడు, దాని అంత్యక్రియల ఖర్చులో వాటా మోయాలి. 2022లో ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించడం, అదే ఏడాది ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే సంస్థలకు తిరిగి సేకరించే బాధ్యతను లక్ష్యాలతో సహా అప్పగించడం ఈ దిశలో వేసిన అడుగులు. ఆ బాధ్యత కాగితం మీది సర్టిఫికెట్ల దగ్గర ఆగకుండా ప్యాకెట్ తయారీ దాకా వెళ్లాలి. ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన ప్యాకెట్‌కు తక్కువ భారం, అతుకుల ప్యాకెట్‌కు ఎక్కువ భారం పడితే డిజైనరు చేతిలోనే మార్పు మొదలవుతుంది. ఈ అర్థంలో సున్నా అనేది లెక్క తప్పిన కల కాదు. ప్రతి మిగులు వస్తువు దగ్గరా ఆగి, ఇది ఎక్కడ కలిసింది, ఇంట్లోనా, బండిలోనా, కర్మాగారంలోనా అని అడిగించే కొలత. కామికాట్సు చేరలేకపోయిన 20 శాతం ఆ ఊరి ఓటమి కాదు, తయారీదారులకు పంపాల్సిన జాబితా.

చెత్త ఏరి బతికేవారి సంగతి కూడా ఇక్కడే ఆలోచించాలి. పాత సామాన్లు కొనేవారు, చిత్తు కాగితాలు ఏరేవారు దశాబ్దాలుగా ఏ జీతమూ లేకుండా మన పాలూ నీళ్లను వేరు చేస్తున్న హంసలు. ఇంట్లోనే వేరు చేస్తే వారి బతుకు పోతుందని కొందరి భయం. వాస్తవం అందుకు విరుద్ధం. కుళ్లులో చేయి పెట్టి, సూదులు గుచ్చుకుంటూ, కుక్కలతో పోటీపడుతూ ఏరిన సీసా కన్నా, ఇంటి గుమ్మం దగ్గర పొడిగా, శుభ్రంగా అందిన సీసాకు ధర ఎక్కువ, దాన్ని తీసుకునే చేతికి రోగం తక్కువ. పుణెలో చెత్త ఏరేవారే సభ్యులుగా 2008లో ఏర్పడిన స్వచ్ సహకార సంఘం ఇంటింటి సేకరణను వృత్తిగా మార్చింది, దానికి రుసుము, గుర్తింపు కార్డు, మర్యాద తెచ్చింది. తడి చెత్త వేరైన రోజున వారి పని మిగులుతుంది, అందులోని నరకం పోతుంది.

2020-21లో దేశంలో రోజుకు దాదాపు 1.6 లక్షల టన్నుల చెత్త పుట్టిందని, అందులో శుద్ధి అయింది సగమేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. తడి చెత్త వాటా సుమారు సగం కాబట్టి, అదొక్కటి విడిగా ఉండి ఊళ్లోనే ఎరువో గ్యాసో అయితే రోజుకు 80,000 టన్నులు ఏ గుట్టనూ చూడనక్కర్లేదు. దానివల్ల మిగిలిన సగానికి కలిగే మేలు ఇంకా పెద్దది. చెత్త సేకరణ ఇంత ఖరీదూ ఇంత కంగారూ కావడానికి కారణం తడే. అది రెండో రోజుకు కంపుకొడుతుంది, మూడో రోజుకు పురుగు పడుతుంది, అందుకే రోజూ ఎంత ఖర్చయినా ఎక్కడికో తరలించాలి. తడి తీసేశాక మిగిలే అట్టలు, సీసాలు, రేకులు, గుడ్డలు కారవు, కుళ్లవు, ఈగలను పిలవవు. అవి వారం ఆగగలవు, నెల ఆగగలవు, మంచి ధర వచ్చేదాకా ఆగగలవు. పొడిగా ఉన్న వస్తువుకు సమయం ఉంటుంది, సమయం ఉన్నదానికి కొనేవాడు దొరుకుతాడు. రేపు మున్సిపాలిటీ బడ్జెట్ చదివేటప్పుడు మనం కొత్త లారీల సంఖ్య చూసే ముందు, ఉన్న బండ్లలో తడికీ పొడికీ మధ్య అడ్డుపలక వేశారా, వార్డులో తడి చెత్త చేరే చోటు కట్టారా అని చూడాలి. ఆ పలక ఖరీదు చాలా తక్కువ. జవహర్‌నగర్ గుట్టను కప్పడానికి అయిన ఖర్చుతో పోల్చి చూసుకోవాల్సింది దాన్నే.